స్టాక్ ప్రొటెక్టర్, రియల్ టైమ్ కెర్నెళ్లు: క్రాష్‌లకు కారణాలు, నిర్ధారణ, పరిష్కారం

నిర్వచనం

స్టాక్ ప్రొటెక్టర్ అనేది సీ, సీ++ కంపైలర్లలో ఉండే భద్రతా ఐచ్ఛికం. ఫంక్షన్ నడుస్తున్నంతసేపూ దాని స్థానిక చలరాశులకూ, అది తిరిగి వెళ్లాల్సిన చిరునామాకూ మధ్య ఒక రహస్య సంఖ్యను కాపలాగా ఉంచుతుంది. ఫంక్షన్ ముగిసే ముందు ఆ సంఖ్య చెక్కుచెదరకుండా ఉందో లేదో చూస్తుంది. ఆ సంఖ్యకు కానరీ అని పేరు. అది మారినట్టు తేలితే స్టాక్ పాడైందని భావించి ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. మామూలు ప్రోగ్రాములో ఇలా జరిగితే ఆ ప్రోగ్రాము ఒక్కటే ఆగుతుంది. కెర్నెల్లో జరిగితే యంత్రం మొత్తం ఆగుతుంది.

రియల్ టైమ్ కెర్నెల్ అంటే ప్రతి పనికీ నిర్ణీత గడువులోగా స్పందన ఇవ్వగలిగేలా నిర్మించిన ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగం. సగటు వేగం కంటే గడువు తప్పకపోవడం దానికి ముఖ్యం. మోటార్ల నియంత్రణ, రాకెట్ల మార్గదర్శనం, రసాయన కర్మాగారాల్లో పీడనం, ఉష్ణోగ్రతల అదుపు వంటి పనులు ఈ కెర్నెళ్లవి.

భద్రత కోసం చేర్చిన ఈ తనిఖీ కొన్ని రియల్ టైమ్ కెర్నెళ్లలో క్రాష్‌లకు దారితీస్తుంది. ఆ క్రాష్‌లలో కొన్ని నిజంగా స్టాక్ పాడైనందువల్ల వచ్చేవి. మరికొన్ని స్టాక్ చక్కగానే ఉన్నా కానరీ పోలిక తప్పినందువల్ల వచ్చే తప్పుడు హెచ్చరికలు. ఈ రెంటినీ విడదీయడమే నిర్ధారణలో ప్రధానాంశం.

చరిత్ర

స్టాక్ మీద ఉన్న బఫర్‌ను పొర్లించి యంత్రాన్ని వశం చేసుకునే పద్ధతి 1988 నవంబరులో మోరిస్ వర్మ్ ద్వారా లోకానికి తెలిసింది. ఫింగర్ సేవలోని నిడివి తనిఖీ లేని బఫర్‌ను అది వాడుకుంది. 1996లో ఫ్రాక్ పత్రిక 49వ సంచికలో ఆలెఫ్ వన్ కలం పేరుతో వచ్చిన వ్యాసం ఈ పద్ధతిని మెట్టుమెట్టుగా వివరించడంతో ఇటువంటి దాడులు విస్తరించాయి.

దీనికి కంపైలర్ స్థాయిలో విరుగుడుగా 1998లో క్రిస్పిన్ కోవన్ బృందం స్టాక్‌గార్డ్‌ను ప్రకటించింది. ఆ తర్వాత ఐబీఎంలో హిరోఆకి ఎటో రూపొందించిన ప్రోపోలీస్, కానరీ ఉంచడంతోపాటు స్థానిక చలరాశుల వరుసను మార్చి, అరేలను కానరీకి పక్కనే పెట్టే పద్ధతిని తెచ్చింది. దీంతో బఫర్ పొర్లినప్పుడు ఇతర చలరాశుల కంటే ముందు కానరీయే దెబ్బతింటుంది. ఈ ఆలోచనను రెడ్ హ్యాట్ ఇంజనీర్లు కొత్తగా రాసి 2006లో జీసీసీ కంపైలర్ 4.1లో చేర్చారు. అదే ఏడాది ఉబుంటు తన పంపిణీలోని జీసీసీలో ఈ ఐచ్ఛికాన్ని అడగకుండానే అమలయ్యేలా చేసింది.

లినక్స్ కెర్నెల్లోకి స్టాక్ ప్రొటెక్టర్ 2006లో 2.6.19తో 64 బిట్ల ఎక్స్86 యంత్రాల కోసం వచ్చింది. 32 బిట్ల ఎక్స్86కి 2009లో 2.6.30తో వచ్చింది. గూగుల్‌లో హాన్ షెన్ రూపొందించిన "స్ట్రాంగ్" రకం 2014లో జీసీసీ 4.9లో చేరింది. కీస్ కుక్ కృషితో అదే ఏడాది లినక్స్ 3.14 దాన్ని స్వీకరించింది. 2018లో 4.18తో ఈ ఐచ్ఛికం కాన్ఫిగరేషన్ పేరులోంచి "సీసీ" అనే ముందు భాగం తొలగింది. పాత మార్గదర్శకాల్లోని పేరుతో వెతికితే కొత్త కెర్నెల్లో ఆ వరుస కనబడదు. అది లేదు కాబట్టి రక్షణ ఆగి ఉందనుకోవడం పొరపాటు.

రియల్ టైమ్ వైపు చరిత్ర దీనికి సమాంతరంగా నడిచింది. 1990ల మధ్యలో న్యూ మెక్సికోలో ఆర్‌టీలినక్స్ పుట్టింది. మిలాన్ పాలిటెక్నిక్‌లో పావ్లో మాంతెగాజ్జా నాయకత్వంలో ఆర్‌టీఏఐ రూపొందింది. 2001లో ఫిలిప్ జెరమ్ జెనోమై ప్రాజెక్టును ప్రారంభించాడు. ఈ మూడూ లినక్స్ పక్కనే మరో చిన్న కెర్నెల్‌ను నడిపే సహ కెర్నెల్ పద్ధతిని అనుసరించాయి. ఇంగో మోల్నార్, థామస్ గ్లైక్స్‌నర్ తదితరులు లినక్స్‌నే రియల్ టైమ్‌గా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్గాన్ని పట్టారు. సుమారు రెండు దశాబ్దాల శ్రమ తర్వాత ఆ కోడ్ 2024 నవంబరులో విడుదలైన లినక్స్ 6.12తో ప్రధాన కెర్నెల్లో అందుబాటులోకి వచ్చింది.

పనితీరు

ఒక ఫంక్షన్‌ను పిలిచినప్పుడు స్టాక్ మీద దానికి ఒక ఫ్రేమ్ ఏర్పడుతుంది. అందులో స్థానిక చలరాశులు, దాచిన రిజిస్టర్లు, రిటర్న్ అడ్రస్ ఉంటాయి. స్టాక్ ప్రొటెక్టర్ ఉన్నప్పుడు కంపైలర్ రెండుచోట్ల అదనపు కోడ్ చేరుస్తుంది.

మొదటిది ఫంక్షన్ ప్రారంభంలో. అక్కడ ఒక నిర్ణీత స్థానం నుంచి కానరీని చదివి ఫ్రేములో రాస్తుంది. రెండోది ఫంక్షన్ చివర. ఫ్రేములోని సంఖ్యను అదే నిర్ణీత స్థానంలో ప్రస్తుతం ఉన్న సంఖ్యతో పోలుస్తుంది. రెండూ ఒకటైతే ఫంక్షన్ మామూలుగా తిరిగి వెళుతుంది. తేడా వస్తే స్టాక్ చెక్ ఫెయిల్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. లినక్స్ కెర్నెల్లో ఆ ఫంక్షన్ "కెర్నెల్ స్టాక్ ఈజ్ కరప్టెడ్ ఇన్" అనే మాటలతో, తనిఖీ విఫలమైన ఫంక్షన్ పేరుతో పానిక్ సందేశం ఇచ్చి వ్యవస్థను నిలిపేస్తుంది.

ఈ పద్ధతి ఒక షరతు మీద ఆధారపడి ఉంది. ఫంక్షన్ మొదట్లో చదివిన విలువే, ఫంక్షన్ ముగిసేనాటికీ మూల స్థానంలో ఉండాలి. స్టాక్ మీది నకలు మారినా, మూల స్థానంలోని విలువ మారినా తనిఖీకి కనిపించే ఫలితం ఒక్కటే. పానిక్ సందేశం మాత్రం ప్రతిసారీ స్టాక్ పాడైందనే చెబుతుంది.

64 బిట్ల లినక్స్‌లో కానరీ పొడవు 8 బైట్లు. 2017లో చేసిన మార్పు ప్రకారం అందులో ఒక బైటు సున్నా. అక్షరాల వరుసలను నకలు చేసే ఫంక్షన్లు సున్నా దగ్గర ఆగుతాయి కాబట్టి, వాటి ద్వారా కానరీని చదవడం, తిరిగి రాయడం కష్టమవుతుంది. మిగిలిన 56 బిట్లు యాదృచ్ఛికం.

ఐచ్ఛికం రకాలు

జీసీసీలో నాలుగు స్థాయులున్నాయి. మౌలిక స్థాయి సాధారణంగా 8 బైట్లు లేదా అంతకు మించిన అక్షర అరేలున్న ఫంక్షన్లను, స్టాక్ మీద అప్పటికప్పుడు చోటు కేటాయించే కొన్ని ఫంక్షన్లను రక్షిస్తుంది. "స్ట్రాంగ్" స్థాయి ఏ రకం స్థానిక అరే ఉన్నా, స్థానిక చలరాశి చిరునామాను వాడుకున్నా రక్షణ చేరుస్తుంది. "ఆల్" స్థాయి అన్ని ఫంక్షన్లకూ వర్తిస్తుంది. "ఎక్స్‌ప్లిసిట్" స్థాయిలో ప్రోగ్రామర్ గుర్తు పెట్టిన ఫంక్షన్లకే రక్షణ ఉంటుంది.

లినక్స్ కాన్ఫిగరేషన్ వివరణ ప్రకారం, ఎక్స్86 మీద సాధారణ అమరికతో కట్టిన కెర్నెల్లో మౌలిక స్థాయి సుమారు 3 శాతం ఫంక్షన్లకు తనిఖీ చేర్చి కోడ్‌ను 0.3 శాతం పెంచుతుంది. "స్ట్రాంగ్" సుమారు 20 శాతం ఫంక్షన్లకు చేర్చి కోడ్‌ను 2 శాతం పెంచుతుంది. మౌలిక స్థాయితో సవ్యంగా నడిచిన వ్యవస్థ "స్ట్రాంగ్‌"కి మారగానే కూలడానికి ఈ విస్తృతి ఒక కారణం. మునుపు తనిఖీ లేని షెడ్యూలర్ ఫంక్షన్లు ఇప్పుడు తనిఖీలోకి వస్తాయి.

కానరీ ఉండే చోటు

మూల కానరీ ఎక్కడ ఉంటుందనేది ప్రాసెసర్‌ను బట్టి మారుతుంది. క్రాష్ స్వభావం చాలావరకు దీన్నే అనుసరిస్తుంది.

అన్ని పనులకూ ఒకే కానరీ: వ్యవస్థ మొత్తానికి ఒకే గ్లోబల్ చలరాశిలో కానరీ ఉంటుంది. చిన్న మైక్రోకంట్రోలర్ల మీది రియల్ టైమ్ వ్యవస్థల్లో ఇది మామూలు. ఒక పని నుంచి మరో పనికి మారినా మూల విలువ మారదు. అందువల్ల పనుల మార్పిడి వల్ల తప్పుడు హెచ్చరికలు రావు.

పనికొక కానరీ: ప్రతి పనికీ వేరే కానరీ ఉంటుంది. 64 బిట్ల ఎక్స్86 లినక్స్‌లో ప్రస్తుతం నడుస్తున్న పని కానరీని ఆ ప్రాసెసర్‌కు చెందిన మెమరీ భాగంలో పెడతారు. కంపైలర్ దాన్ని జీఎస్ రిజిస్టర్ ఆధారంగా చదువుతుంది. లినక్స్ ఒక పనిని ఆపి మరోదాన్ని ఎత్తుకునే ప్రతిసారీ కొత్త పని కానరీని ఆ చోటికి నకలు చేస్తుంది. 32 బిట్ల ఎక్స్86లో కూడా చాలాకాలం జీఎస్ సెగ్మెంట్‌నే వాడారు. 64 బిట్ల ఆర్మ్ లినక్స్‌లో పనికొక కానరీ పద్ధతి, దానికి తగిన కంపైలర్ తోడ్పాటుతో, తర్వాతి కాలంలో వచ్చింది.

పనికొక కానరీ పద్ధతి భద్రతకు మేలు. ఒక పని కానరీ బయటపడినా మిగిలినవి గుప్తంగానే ఉంటాయి. అయితే పనులను మార్చే కోడ్ ఎవరు రాసినా, కానరీని కూడా మార్చే బాధ్యత వారిదే అవుతుంది.

రియల్ టైమ్ కెర్నెళ్లలో క్రాష్ కారణాలు

*సహ కెర్నెల్ చేసే పనుల మార్పిడి.* ఇది అన్నిటికంటే ప్రసిద్ధమైన కారణం. ఆర్‌టీఏఐ వంటి వ్యవస్థలో కెర్నెల్ స్థలంలో నడిచే రియల్ టైమ్ పనికి లినక్స్ దృష్టిలో ఉనికి లేదు. దాని స్టాక్, దాని షెడ్యూలర్ వేరు. సహ కెర్నెల్ తన సొంత అసెంబ్లీ కోడ్‌తో లినక్స్ స్టాక్ నుంచి తన స్టాక్‌కు మారుతుంది. ఆ కోడ్ కానరీని మార్చకపోతే, రియల్ టైమ్ పని నడిచేటప్పుడు మూల స్థానంలో అంతకు ముందు ఆగిన లినక్స్ పని కానరీయే ఉంటుంది.

ప్రతి మిల్లీసెకనుకూ ఒకసారి మేల్కొనే రియల్ టైమ్ పనిని ఉదాహరణగా తీసుకోవచ్చు. అది మేల్కొన్నప్పుడు లినక్స్‌లో "అ" అనే పని ఆగి ఉంది. రియల్ టైమ్ పని తన లెక్క ముగించుకుని, తర్వాతి గడువు దాకా నిద్రపోవడానికి షెడ్యూలర్ ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఆ ఫంక్షన్ ప్రారంభంలో "అ" కానరీ ఫ్రేములోకి చేరుతుంది. నియంత్రణ లినక్స్‌కు వెళ్లాక, లినక్స్ "అ" నుంచి "ఆ" అనే పనికి మారుతుంది. మూల స్థానంలోకి "ఆ" కానరీ వస్తుంది. మిల్లీసెకను తర్వాత రియల్ టైమ్ పని తిరిగి లేచి షెడ్యూలర్ ఫంక్షన్ చివరికి చేరుతుంది. ఫ్రేములో "అ" కానరీ, మూల స్థానంలో "ఆ" కానరీ. పోలిక తప్పి వ్యవస్థ ఆగిపోతుంది. ఒక్క బైటు కూడా పొర్లలేదు, స్టాక్ ఎక్కడా చెడలేదు.

ఆ మిల్లీసెకనులో లినక్స్ తన పనిని మార్చకపోతే పోలిక కుదురుతుంది. అందుకే ఇటువంటి వ్యవస్థ ఖాళీగా ఉన్నప్పుడు సవ్యంగా నడుస్తూ, ఫైళ్ల నకలు, నెట్‌వర్క్ రాకపోకలు, గ్రాఫిక్స్ మొదలవగానే కూలుతుంది.

*సెగ్మెంట్ రిజిస్టర్ అమరిక.* జీఎస్‌ను వాడే 32 బిట్ల ఎక్స్86 కెర్నెళ్లలో స్టాక్ ప్రొటెక్టర్ ఉన్నప్పుడు, కెర్నెల్లోకి అడుగుపెట్టగానే జీఎస్ రిజిస్టర్‌ను కానరీ ఉన్న సెగ్మెంట్‌కు తిప్పాలి. ఇంటరప్టును లినక్స్ కంటే ముందే అందుకునే సహ కెర్నెల్ కోడ్ ఈ మెట్టును దాటవేస్తే, తప్పుడు చోటు నుంచి కానరీ చదవడం జరుగుతుంది. అప్పుడు స్టాక్ సందేశం రాకుండా ప్రొటెక్షన్ ఫాల్ట్ గానీ, సందేశమేదీ లేని స్తంభన గానీ రావచ్చు.

*ఫంక్షన్ మధ్యలో కానరీ స్థాపన.* బూట్ అవుతున్నప్పుడు కానరీకి యాదృచ్ఛిక విలువ ఇచ్చే ఫంక్షన్ స్వయంగా రక్షణ ఉన్నదైతే, అది పాత విలువతో మొదలై కొత్త విలువతో ముగుస్తుంది. 2020లో జీసీసీ 10తో కట్టిన లినక్స్ ఎక్స్86 యంత్రాల మీద బూట్ దశలోనే కూలడానికి ఇదే మూలం. రెండో ప్రాసెసర్‌ను మేల్కొలిపే స్టార్ట్ సెకండరీ ఫంక్షన్ ఎప్పటికీ తిరిగి రాదు. కాబట్టి చివరి తనిఖీ అమలయ్యే అవకాశం అంతకు మునుపు లేదు. జీసీసీ 10 చివరి పిలుపును సూటి దూకుడుగా మార్చి, దాని ముందు కానరీ తనిఖీ పెట్టింది. బోరిస్లావ్ పెట్కోవ్ చేర్చిన దిద్దుబాటు ఆ చివరి పిలుపు అలా మారకుండా అడ్డుకుంది. కెర్నెల్ కోడ్‌లో ఏమీ మారకపోయినా కంపైలర్ మారినంత మాత్రాన క్రాష్ రావచ్చని ఈ ఘటన చూపింది.

*కెర్నెల్, మాడ్యూళ్ల మధ్య పొత్తు కుదరకపోవడం.* పంపిణీల కంపైలర్లు ఐచ్ఛికాన్ని తమంతట తామే అమలు చేస్తాయి. రక్షణ లేని కెర్నెల్‌కు, విడిగా కట్టిన రక్షణ ఉన్న రియల్ టైమ్ మాడ్యూల్‌ను ఎక్కించబోతే, స్టాక్ చెక్ ఫెయిల్ అనే గుర్తు దొరకలేదంటూ ఎక్కింపు విఫలమవుతుంది. కెర్నెల్ నిర్మాణ వ్యవస్థను కాదని సొంత మేక్‌ఫైలుతో మాడ్యూల్ కట్టినప్పుడు ఇది తరచు ఎదురవుతుంది.

*స్టాక్ చాలకపోవడం.* రక్షణ ఉన్న ప్రతి ఫ్రేమూ కొంత అదనపు చోటు తీసుకుంటుంది. కొన్ని వందల బైట్ల స్టాక్‌తో పనులను నడిపే మైక్రోకంట్రోలర్లలో "ఆల్" స్థాయి పెట్టినప్పుడు, అంతకుముందు అంచున సరిపోయిన స్టాక్ నిజంగానే పొర్లవచ్చు.

*అసలైన లోపం.* బఫర్ హద్దు దాటి రాయడం, ముగిసిన ఫంక్షన్ స్టాక్‌కు చూపే పాత పాయింటర్‌ను వాడడం, డీఎంఏ తప్పుడు చిరునామాకు రాయడం వంటివి. ఐచ్ఛికం లేనప్పుడు ఇవి నిశ్శబ్దంగా డేటాను చెడగొడతాయి. ఐచ్ఛికం ఉన్నప్పుడు బయటపడతాయి.

ప్రీఎంప్ట్ ఆర్‌టీ మార్గంలో పనులను మార్చేది లినక్స్ షెడ్యూలరే. కానరీ కూడా దానితోపాటే మారుతుంది. కాబట్టి మొదటి రెండు కారణాలు దానికి సాధారణంగా వర్తించవు. అక్కడ స్టాక్ హెచ్చరిక వస్తే అసలైన లోపాన్నే ముందుగా అనుమానించాలి.

నిర్ధారణ విధానం

1. సందేశాన్ని దక్కించుకోవడం. రియల్ టైమ్ సందర్భంలో పానిక్ వస్తే తెర మీద ఏమీ కనబడకపోవచ్చు. సీరియల్ పోర్టు ద్వారా మరో యంత్రానికి కన్సోల్ కలపడం నమ్మదగిన మార్గం. నెట్‌కన్సోల్, రీబూట్ తర్వాత కూడా చిట్టా నిలిపే పీస్టోర్ దీనికి తోడ్పడతాయి.

2. అమరికలను పోల్చడం. నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగరేషన్ ఫైలులో స్టాక్ ప్రొటెక్టర్ వరుసలను పాత, కొత్త పేర్లు రెంటితోనూ వెతకాలి. కెర్నెల్‌నూ, మాడ్యూళ్లనూ కట్టిన కంపైలర్ సంస్కరణలు ఒకటేనా అని చూడాలి. మాడ్యూల్ ఫైలులోని గుర్తుల పట్టికలో స్టాక్ చెక్ ఫెయిల్ ఉంటే ఆ మాడ్యూల్ రక్షణతో కట్టినదని అర్థం.

3. సందేశంలోని ఫంక్షన్‌ను పరిశీలించడం. సందేశం పేర్కొనేది తనిఖీ విఫలమైన ఫంక్షన్‌ను. హద్దు దాటి రాసినది ఆ ఫంక్షన్ కావచ్చు, అది తన బఫర్ చిరునామా ఇచ్చిన మరో ఫంక్షన్ కావచ్చు. ప్రతిసారీ ఒకే ఫంక్షన్ పేరు వస్తూ, అందులో అరే ఉంటే అసలైన లోపానికి అవకాశం ఎక్కువ. షెడ్యూలర్, నిద్ర, సెమఫోర్ ఫంక్షన్ల పేర్లే వస్తుంటే మార్పిడి కోడ్‌ను అనుమానించాలి.

4. ఫ్రేములోని విలువను చదవడం. ఇది నిర్ణాయక పరీక్ష. మెమరీ చిత్రం గానీ, క్యూఈఎంయూ, జీడీబీల కలయిక గానీ అందుబాటులో ఉంటే, ఫ్రేములో కానరీ ఉండాల్సిన చోటి విలువను చూడాలి. లినక్స్ ప్రతి పని కానరీనీ ఆ పని వివరాల నిర్మాణంలో దాస్తుంది. ఫ్రేములోని విలువ వేరే పని కానరీతో అచ్చంగా సరిపోతే అది తప్పుడు హెచ్చరిక. అక్షరాలు, వరుస సంఖ్యలు, సెన్సర్ కొలతలు వంటి గుర్తుపట్టగల డేటా ఉంటే అది బఫర్ పొర్లిన ఆనవాలు.

5. భారంతో పరీక్షించడం. రియల్ టైమ్ పని అలాగే ఉంచి, లినక్స్ వైపు పనుల మార్పిడిని పెంచి చూడాలి. భారం పెరిగేకొద్దీ క్రాష్ త్వరగా వస్తే మొదటి కారణానికి బలం చేకూరుతుంది. రియల్ టైమ్ పనికి ఇచ్చే డేటా పరిమాణాన్ని బట్టి క్రాష్ వస్తే బఫర్ లోపం వైపు చూడాలి.

6. ఒక్క తేడాతో రెండు నిర్మాణాలు. అదే కోడ్, అదే కంపైలర్, అదే కాన్ఫిగరేషన్‌తో, ఈ ఐచ్ఛికాన్ని మాత్రం మార్చి రెండు కెర్నెళ్లు కట్టాలి. ఐచ్ఛికం లేనిది కూలకపోతే క్రాష్‌కు తనిఖీతో సంబంధం ఉందని మాత్రమే తేలుతుంది. అసలైన లోపం ఉన్నా, తనిఖీ తీసేసినప్పుడు ఇదే ఫలితం వస్తుంది. ఈ పరీక్ష ఒక్కదానితో నిర్ధారణ ముగిసిందనుకోకూడదు.

7. ఇతర తనిఖీలతో సరిచూడడం. 2015లో లినక్స్ 4.0తో వచ్చిన కేసాన్ హద్దు దాటిన చదువు, రాతలను అవి జరిగిన చోటే పట్టిస్తుంది. 2016లో 4.9తో వచ్చిన వీమ్యాప్ స్టాక్, కెర్నెల్ స్టాక్ చివర కాపలా పేజీ పెట్టి స్టాక్ అడుగంటడాన్ని వెంటనే చూపుతుంది. కేసాన్ వల్ల వేగం బాగా తగ్గుతుంది కాబట్టి గడువులు తప్పుతాయి. దాన్ని ప్రయోగశాలలో, అసలు యంత్రాలకు కలపకుండా వాడాలి. సహ కెర్నెల్ ఈ సాధనాలకు తోడ్పడకపోతే, అనుమానం ఉన్న డ్రైవర్ కోడ్‌ను మామూలు లినక్స్ మీద విడిగా పరీక్షించవచ్చు.

పరిష్కార మార్గాలు

అసలైన లోపం తేలితే ఆ కోడ్‌ను సరిదిద్దడమే పరిష్కారం. తప్పుడు హెచ్చరిక అని తేలితే నాలుగు మార్గాలున్నాయి.

సహ కెర్నెల్ మార్పిడి కోడ్‌లోనే కానరీని దాచి, తిరిగి ఉంచే ఏర్పాటు చేయడం మొదటిది, సంపూర్ణమైనది. ప్రతి రియల్ టైమ్ పనికీ సొంత కానరీ కేటాయించి, మారేటప్పుడు మూల స్థానంలో రాయాలి. లినక్స్‌కు తిరిగి వెళ్లేటప్పుడు ఆగి ఉన్న లినక్స్ పని కానరీని యథాస్థానంలో పెట్టాలి. రెండో భాగం మరిస్తే క్రాష్ లినక్స్ వైపుకు మారుతుంది.

రెండోది ఎంపిక చేసిన ఫంక్షన్లకు మాత్రమే తనిఖీ తీసేయడం. కానరీని స్థాపించే ఫంక్షన్, స్టాక్‌ను మార్చే ఫంక్షన్ వంటివాటికి ఇది తగినది. జీసీసీ 11 నుంచి ఫంక్షన్ స్థాయిలో ఇందుకు గుర్తు పెట్టవచ్చు. పాత కంపైలర్లలో ఆ ఫైలు వరకు మేక్‌ఫైలులో వ్యతిరేక ఐచ్ఛికం ఇవ్వవచ్చు.

మూడోది కెర్నెల్ మొత్తంలో ఐచ్ఛికాన్ని ఆపివేయడం. ఆర్‌టీఏఐ కోసం కెర్నెల్ కట్టే మార్గదర్శకాల్లో ఈ సలహా పరిపాటి. సహ కెర్నెల్ కోడ్‌ను మార్చే అవకాశం లేనప్పుడు ఇదే ఆచరణసాధ్యం. అలా ఆపినప్పుడు ఎందుకు ఆపారో, ఏ పరీక్ష ఆధారంగా తప్పుడు హెచ్చరిక అని తేల్చారో కాన్ఫిగరేషన్‌తోపాటు రాసి ఉంచాలి. ఆ యంత్రాన్ని బహిరంగ నెట్‌వర్క్‌కు దూరంగా ఉంచడం, కేసాన్‌తో కాలానుగుణంగా డ్రైవర్లను పరీక్షించడం ఆ లోటును కొంత పూడుస్తాయి.

నాలుగోది మార్గం మార్చుకోవడం. గడువులు అనుమతిస్తే సహ కెర్నెల్ నుంచి ప్రీఎంప్ట్ ఆర్‌టీకి మారితే ఈ తరహా సమస్యే తొలగుతుంది. రియల్ టైమ్ పనులను కెర్నెల్ స్థలం నుంచి వాడుకరి స్థలానికి తేవడం కూడా ఇదే దిశలోది.

సమయపాలనపై ప్రభావం

ఒక్కో ఫంక్షన్‌కు ఈ తనిఖీ చేర్చేది కొన్ని సూచనలు మాత్రమే. చదవడం, రాయడం, పోల్చడం, షరతుతో దూకడం. వీటి సంఖ్య స్థిరం కాబట్టి గరిష్ఠ అమలు కాలం లెక్కలో ముందుగానే కలుపుకోవచ్చు. రియల్ టైమ్ వ్యవస్థకు ఊహించలేని జాప్యం కంటే తెలిసిన జాప్యం సమ్మతమైనది. కాబట్టి వేగం పేరుతో ఐచ్ఛికాన్ని తీసేసే ముందు, లినక్స్ వ్యవస్థల్లో సైక్లిక్‌టెస్ట్ వంటి సాధనంతో రెండు నిర్మాణాల గరిష్ఠ జాప్యాన్ని కొలిచి చూడడం సరైన పద్ధతి.

ఇతర రియల్ టైమ్ వ్యవస్థల్లో

ఫ్రీఆర్‌టీఓఎస్‌లో స్టాక్ పొర్లడాన్ని కనిపెట్టే సొంత ఏర్పాటు ఉంది. అది కంపైలర్ కానరీకి భిన్నం. పని ఏర్పడినప్పుడే స్టాక్‌ను తెలిసిన విలువతో నింపుతుంది. పనులు మారేటప్పుడు స్టాక్ చివరి బైట్లలో ఆ విలువ మిగిలి ఉందో లేదో చూస్తుంది. ఇది స్టాక్ మొత్తం అయిపోవడాన్ని పట్టిస్తుంది. ఒక ఫంక్షన్ లోపలి బఫర్ పొర్లడాన్ని పట్టించలేదు. కంపైలర్ కానరీ గుణం దీనికి తలకిందులు. కాబట్టి ఈ రెండూ ఒకదానికొకటి ప్రత్యామ్నాయాలు కావు, పూరకాలు.

2016లో లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలో మొదలైన జెఫైర్‌లో కంపైలర్ కానరీలను కాన్ఫిగరేషన్ ద్వారా ఎంచుకోవచ్చు. ఇటువంటి చిన్న వ్యవస్థల్లో ముఖ్య జాగ్రత్త, కానరీకి విలువ ఇచ్చేలోగా రక్షణ ఉన్న ఫంక్షన్ ఏదీ సగంలో ఉండకుండా చూడడం. యాదృచ్ఛిక సంఖ్యలనిచ్చే హార్డ్‌వేర్ లేని చిప్‌లలో స్థిర కానరీ వాడితే పొరపాట్లు దొరుకుతాయి గానీ, ఆ విలువ తెలిసిన దాడిదారును ఆపలేం.

కాకినాడ, తెలుగు ప్రాంతాల్లో ప్రాసంగికత

ఈ విషయం బోధన, పరిశ్రమ రెండు వైపుల నుంచీ గోదావరి డెల్టాకు దగ్గరది. 1946లో విశాఖపట్నం పేరుతో ఏర్పడి కాకినాడకు తరలిన ఇంజనీరింగ్ కళాశాల, 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2008లో అదే కేంద్రంగా జేఎన్‌టీయూ కాకినాడ స్వతంత్ర విశ్వవిద్యాలయంగా ఏర్పడింది. ఎంబెడెడ్ సిస్టమ్స్ చదివేవారికి రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్స్ ఒక ప్రధాన పాఠ్యాంశం.

పరిశ్రమ విషయానికొస్తే, కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 క్షేత్రం నుంచి 2009లో సహజవాయువు ఉత్పత్తి మొదలైంది. కాకినాడకు దక్షిణాన గాడిమొగలో ఉన్న తీర కేంద్రానికి ఆ వాయువు చేరుతుంది. ఈ కేంద్రాలు, కాకినాడ ఎరువుల కర్మాగారాలు, రేవు యంత్రాలు గడువు తప్పని నియంత్రణ అవసరమైన రంగానికి చెందినవి. ఆంధ్రప్రదేశ్‌లో శ్రీహరికోట ప్రయోగ కేంద్రం, హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఈసీఐఎల్ వంటి సంస్థల పని కూడా నియంత్రణ వ్యవస్థలతో ముడిపడినదే.

విద్యార్థికి, చిన్న యంత్రశాలకు ఈ క్రాష్ ఎదురయ్యే అవకాశం ఎక్కువగా లినక్స్‌సీఎన్‌సీ వంటి ప్రాజెక్టుల్లో ఉంటుంది. మామూలు పీసీతో మిల్లింగ్ యంత్రాన్ని నడిపే ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆర్‌టీఏఐతోనూ, ప్రీఎంప్ట్ ఆర్‌టీతోనూ పనిచేయగలదు. సొంతంగా కెర్నెల్ కట్టుకునేవారు పంపిణీ ఇచ్చిన కాన్ఫిగరేషన్‌ను ఆధారంగా తీసుకుంటారు. అందులో స్టాక్ ప్రొటెక్టర్ ముందే అమలై ఉంటుంది. సహ కెర్నెల్ ఆధారిత ప్రయోగానికి దిగే ముందు ఈ ఒక్క అమరికను చూసుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది. సీరియల్ కేబుల్, రెండు పీసీలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉంటే పై నిర్ధారణ మెట్లలో ఎక్కువ భాగం కళాశాల ప్రయోగశాలలోనే చేసి చూడవచ్చు.

ప్రాధాన్యం

భద్రతా తనిఖీ, గడువు హామీ రెండూ ఒకే లక్ష్యానికి చెందినవి. వ్యవస్థ చెప్పినట్టు నడవాలి, చెప్పనట్టు నడవకూడదు. వాటి మధ్య వచ్చే ఘర్షణ సాధారణంగా ఒక భాగం మీద మరో భాగం పెట్టుకున్న అప్రకటిత నమ్మకం వల్ల వస్తుంది. పనులను మార్చే ప్రతి ఒక్కరూ కానరీని కూడా మారుస్తారని కంపైలర్, లినక్స్ నమ్మాయి. సహ కెర్నెల్‌కు ఆ ఒప్పందం తెలియదు.

ఐచ్ఛికాన్ని తీసేయగానే క్రాష్ ఆగడం వల్ల, అదే కారణమనీ, అదే పరిష్కారమనీ అనుకునే ప్రమాదం ఎక్కువ. అసలైన లోపం ఉన్నచోట అలా చేస్తే, పానిక్ సందేశంతో ఆగాల్సిన యంత్రం చెడిన కొలతలతో కవాటాలను, మోటార్లను నడుపుతూ పోతుంది. మనుషులు పక్కన నిలబడి పనిచేసే యంత్రాల విషయంలో ఆ తేడా ప్రాణాలకు సంబంధించినది. ఫ్రేములోని ఆ ఒక్క విలువను చదివి, అది మరో పని కానరీనా, పొర్లిన డేటానా అని తేల్చుకున్న తర్వాతే ఐచ్ఛికం గురించి నిర్ణయం తీసుకోవాలి.